టిమ్ డంకన్ – అమ్మకిచ్చిన మాట

ఈసారి నేను ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి గురించి రాస్తున్నాను. ఇతని పేరు టిమ్ డంకన్. కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ దీవిలో 1976 ఏప్రిల్ 25న జన్మించాడు. ఎత్తు 6 అడుగుల 11 అంగుళాలు! మన తరగతి గుమ్మం దాటాలంటే వంగాల్సిందే.

చిన్నప్పుడు ఇతను ఈతగాడు. అక్క ట్రిషా 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఈదింది. తానూ అలా వెళ్ళాలనుకున్నాడు. కానీ 1989లో హ్యూగో తుఫాను వచ్చి దీవిలోని పెద్ద ఈతకొలను పాడైపోయింది. సముద్రంలో ఈదుదామంటే సొరచేపల భయం. మరుసటి ఏడు, 14వ పుట్టినరోజుకు ముందురోజే తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. ఇక ఈత మానేశాడు.

తొమ్మిదో తరగతిలో బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు. అంటే ఆలస్యంగానే! తర్వాత అమెరికాలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో చేరి గొప్పగా ఆడాడు. చదువు మధ్యలో వదిలేస్తే బోలెడు డబ్బొచ్చేది. అయినా వదల్లేదు. డిగ్రీ పూర్తి చేస్తానని తల్లికి మాటిచ్చాడు కదా! 1997లో సైకాలజీ డిగ్రీ పుచ్చుకున్నాకే శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టులో చేరాడు. ఆ ఒక్క జట్టుకే 19 సీజన్లు ఆడాడు. జట్టు 5 సార్లు (1999, 2003, 2005, 2007, 2014) ఎన్.బి.ఎ. విజేత అయింది. 2016లో రిటైరయ్యాడు.

మా అమ్మ పోయినప్పుడు నేను కూడా బడి మానేద్దామని ట్రంకుపెట్టె సర్దుకున్నాను. వార్డెన్ గారు నచ్చజెప్పితే ఆగాను. ఇప్పుడు పదో తరగతి. పాసవుతానని అమ్మకు నేనూ మాటిచ్చాను. మీలో ఎవరైనా పెట్టె సర్దుకుంటుంటే, ముందు నా దగ్గరికి రండి.