తొమ్మిదిమందితో డిస్నీకి వస్తున్న కిరణ్‌కి

ఓర్లాండో,
నవంబరు చివరి వారం

చి. కిరణ్‌కి,

  

క్రిస్మస్ సెలవులకి అందరూ కలిసి వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. మీ అమ్మానాన్నా, మీ అత్తగారూ మామగారూ, నీ తమ్ముడూ, నువ్వూ, సింధూ, మీ పిల్లలిద్దరూ, వెరసి తొమ్మిదిమంది. పడకలకి దిగులు పడకు, మీ పెదనాన్న అటక మీద పరుపులు దింపించారు. మొన్న ఫోన్లో ఏ రైడ్ ముందెక్కాలి, డబ్బు కట్టి లైను తగ్గించుకునే ఆ లైట్నింగ్ లేన్ కొనాలా వద్దా అని అడిగావు. ఆ లెక్కలు నాకంటే నీ ఫోనే బాగా చెబుతుంది. అది చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. వచ్చే పోయే చుట్టాలతో ఈ పార్కుల్లో తిరిగి తిరిగి చూసినవి. బయటివాళ్లు చెబితే నొచ్చుకుంటావు, నేను చెబితే నవ్వుకుని వింటావని రాస్తున్నాను.

క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య వారమంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కాలు మోపడానికి చోటుండదు. పేరున్న రైడ్లకి గంట, గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. అక్కడికొచ్చిన ప్రతివాడూ బోలెడంత పోసి కొనుక్కున్నది ఒక్క రోజు. అందులో సగం నిలబడటానికే పోతుంది. ఆ మిగిలిన కాస్తలోంచి ఎదుటివాడి నిమిషాలు మనం లాక్కోకుండా ఉంటే చాలు. పార్కులో మర్యాదంటే అంతే. ఇక రాసేదంతా దాని వివరమే.

ముందు లైను సంగతి. ఒకణ్ణి ముందు పంపి నిలబెట్టి, మిగతావాళ్లు తీరిగ్గా వచ్చి వాడి దగ్గర చేరడం అన్ని దేశాలవాళ్లూ చేస్తారు, మనవాళ్లు మరీ హుషారుగా చేస్తారు. నువ్వూ నీ తమ్ముణ్ణి అలా పంపుదామనే అనుకుని ఉంటావు. ఒక్కసారి లెక్క చూడు. ఫాంటసీలాండ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్ ఉందిగా, దానికి ఐదు పెట్టెలు, పెట్టెకి నలుగురు. మొత్తం ఇరవైమంది. "ఎక్స్‌క్యూజ్ మీ, మావాళ్లు ముందున్నారు" అంటూ మీరు ఎనిమిదిమంది సందులోంచి దూరితే దాదాపు సగం రైలు మీదే. గంటలో అలాంటి గుంపులు పది వస్తే నాలుగు రైళ్లు వెనకవాళ్ల చేతుల్లోంచి పోయినట్టే. ఎండలో చంటిపిల్లని ఎత్తుకుని నిలబడ్డ ఆ వెనకావిడ మీ మొహాలు చూసి ఏమీ అనదు. అనకపోయినంత మాత్రాన ఆవిడకి తెలియలేదని కాదు.

అందుకని తొమ్మిదిమందీ పోగయ్యాకే లైన్లో అడుగుపెట్టండి. బాత్రూములూ, పాప్‌కార్నూ ముందే కానివ్వండి. నడుమ పిల్లాడికి అవసరమొస్తే పెద్దవాళ్లొకరు తీసుకెళ్లి రావడం వేరు. వెళ్లేటప్పుడే వెనకవాళ్లకొక మాట చెబితే వాళ్లే జరిగి దారిస్తారు. ఈ విషయం మీ అమ్మకి నువ్వు చెప్పక్కర్లేదు. తిరుమలలో వైకుంఠం కాంప్లెక్సులో గంటలకొద్దీ కూర్చుని దర్శనం చేసుకున్న మనిషి. ఒకడు సందు చేసుకుని ముందుకి దూరితే వెనకవాళ్లకి ఎంత ఒళ్లు మండుతుందో ఆవిడకి బాగా తెలుసు.

పెద్దవాళ్లకి చెప్పాల్సింది ఇంకొకటుంది. మన దగ్గర లైన్లో జానెడు ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరిపోతాడు, అందుకే ముందువాడి వీపుకి ఆనుకుని నిలబడటం అలవాటు. ఇక్కడ బారెడు వదిలినా సాధారణంగా ఎవరూ దూరరు. ముందువాళ్లకి మన ఊపిరీ, మన సంచీ తగలకుండా నిలబడితే చాలు. గట్టిగా ఆనుకున్నా రైలు ముందు రాదు. రైడ్ దగ్గరికొచ్చాక ఎంతమంది అని అక్కడి పిల్ల అడుగుతుంది. అప్పుడు తల లెక్క మొదలుపెట్టకుండా చెప్పగలగాలి. నీ పక్కన నేనంటే నీ పక్కన నేనని అక్కడ పంచాయితీ పెడితే ఖాళీ సీట్లతోనే బండి కదిలిపోతుంది.

నిజం చెప్పనా, ఇద్దరు ముగ్గురుగా వచ్చినవాళ్లు ఇవేవీ పెద్దగా చెయ్యరు. పదిమంది కలిసేసరికి మనకి మనమే ఒక ఊరైపోతాం. మన కబుర్లు, మన నవ్వులు, మన గోల మనకి నిండుగా ఉంటాయి, చుట్టూ ఉన్న జనం కనబడరు. దారికడ్డంగా తొమ్మిదిమంది ఒకే వరసలో నడవడం, నలుగురు నడిచే చోట ఠక్కున ఆగి ఫోన్లో మ్యాపు చూడటం, ఇవన్నీ అలా వచ్చేవే. పొగరు కాదది, పరాకు. దానికి మందు కూడా సులువే: పొద్దున ఒక గంట అందరూ కలిసి తిరగండి, తరవాత రెండు మూడు జట్లుగా విడిపొండి, భోజనానికి మళ్లీ కలుసుకోండి. మీ నాన్నగారికి పడవలో మెల్లగా తిరిగే రైడ్లు నచ్చుతాయి, నీ తమ్ముడికి స్పేస్ మౌంటెన్ కావాలి. ఇద్దర్నీ ఒకే తాడుకి కట్టి తిప్పడం దేనికి?

స్పేస్ మౌంటెన్ అంటే గుర్తొచ్చింది. చిన్నాడు 42 అంగుళాలున్నాడని సింధు చెప్పింది. మైన్ ట్రెయిన్‌కి 38 చాలు, వాణ్ణి ఎక్కించవచ్చు. స్పేస్ మౌంటెన్‌కి 44 ఉండాలి, ట్రాన్‌కి 48. బూట్లలో కాగితాలు కుక్కి తెచ్చేవాళ్లనీ, "ఎంతో దూరం నుంచి వచ్చాం, ఒక్కసారికి వదిలెయ్యండి" అని కొలబద్ద పట్టుకున్న పిల్లతో వాదించేవాళ్లనీ నేను చూశాను. ఆ కొలత వాడి ఒంటిని పట్టి ఉంచే కడ్డీ కోసం పెట్టింది, బతిమాలితే తగ్గేది కాదు. మీలాంటివాళ్ల కోసమే రైడర్ స్విచ్ అని ఒక ఏర్పాటుంది. కొందరు ఎక్కి వచ్చేదాకా సింధు పిల్లాడితో బయట ఉంటుంది. వాళ్లు దిగాక పిల్లాణ్ణి అప్పజెప్పి, మళ్లీ పెద్ద లైన్లో నిలబడకుండా తను వెళ్లొచ్చు. లైను మొదట్లోనే అక్కడివాళ్లని అడుగు.

ఇప్పుడు కాస్త ఇబ్బందైన మాట. మీ అత్తగారికి భాష రాదనీ, ఎయిర్‌పోర్టుల్లో తికమక పడతారనీ వీల్‌చెయిర్ బుక్ చేశావు. మన ఇళ్లలో అది మామూలైపోయింది. ఇక్కడ పార్కులో కూడా వీల్‌చెయిర్ ఉంటే లైను తప్పుతుందని ఎవరో ఒకరు నీ చెవిన వేస్తారు. అది నిజం కాదు, చాలా రైడ్లకి వీల్‌చెయిర్లూ మామూలు లైన్లోంచే వెళతాయి. ఒకప్పుడు అవసరమున్నవాళ్ల కోసం గెస్ట్ అసిస్టెన్స్ కార్డని ఒకటి ఇచ్చేవాళ్లు. న్యూయార్క్‌లో డబ్బున్న కుటుంబాలు కొన్ని, లైను తప్పించుకోవడానికి దివ్యాంగుల్ని గంటకింతని కుదుర్చుకుని వెంట తెచ్చుకుంటున్నాయని 2013లో పత్రికల్లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో ఆ కార్డు తీసేసి డిజబిలిటీ యాక్సెస్ సర్వీస్ అని కొత్త పద్ధతి పెట్టారు. 2024లో దాన్ని ఇంకా బిగించారు. ఇప్పుడు అది ముఖ్యంగా ఆటిజం లాంటి కారణాల వల్ల లైన్లో ఎక్కువసేపు ఉండలేనివాళ్లకి. అబద్ధం చెప్పారని తేలితే మళ్లీ పార్కు గడప తొక్కనివ్వరు. చూశావా, నలుగురు తెలివైనవాళ్లు దొడ్డిదారి వెతికితే ఆ భారమంతా నిజంగా కష్టమున్న తల్లుల మీద పడింది. వాళ్లు ఇప్పుడు పిల్లాడి బాధని వీడియో కాల్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకి విడమరిచి చెప్పుకోవాలి. మీ అత్తగారికి నిజంగా మోకాళ్ల నొప్పులుంటే గేటు దగ్గర వీల్‌చెయిర్ అద్దెకి తీసుకో, అందులో సిగ్గుపడేదేం లేదు. రోజుకి ఆరేడు మైళ్ల నడక ఆ వయసులో కష్టమే. తోసేటప్పుడు మాత్రం ముందువాళ్ల మడమలు చూసుకో.

పిల్లల బండికీ అదే మాట. స్ట్రోలరు వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 దాటకూడదని 2019 మే నుంచి నియమం. మీ గరాజ్‌లో ఉన్న లాగుడు బండిని అసలు రానివ్వరు, అంత దూరం మోసుకురాకు. జనం చిక్కగా ఉన్నచోట బండిని అడ్డుపెట్టి దారి చేసుకునే తల్లిదండ్రులుంటారు, సింధు అలాంటిది కాదులే. రైడ్ బయట పెట్టిన బండిని అక్కడివాళ్లు జరిపి వరసలో పెడతారు. కనబడకపోతే ముందు నాలుగడుగులు వెతుకు, గొడవ పడకు.

తిండి విషయంలో నీకు బెంగ అక్కర్లేదు. బయటి తిండి రానిస్తారు. పులిహోరా, చపాతీలూ నేను కట్టిస్తాను. గాజు మాత్రం రానివ్వరు కాబట్టి మీ అమ్మ తెచ్చే ఆవకాయ సీసా ఇంట్లోనే ఉంటుంది, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో కాస్త వేసిస్తాను. ట్రేలు పట్టుకుని చోటు కోసం తిరిగేవాళ్లు కనిపిస్తూ ఉంటే, తినడం అయిపోయాక కూడా బల్ల వదలకుండా కబుర్లు చెప్పుకోవద్దు. లేచేటప్పుడు మెతుకు లేకుండా తుడిచి లేవండి.

చీకటి రైడ్లలో ఫోన్లు లోపల పెట్టించు. 1971లో పార్కుతోపాటే మొదలైన హాంటెడ్ మాన్షన్‌లో దయ్యాలు నాట్యమాడే హాలొకటుంది. పెద్ద అద్దం, దాని అవతల చీకటి గది, మనకి కనబడని చోట వెలుగులో బొమ్మలు. అద్దంలో పడే వాటి నీడే మనకి గాలిలో తేలే దయ్యంలా కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ రంగస్థలం మీద పేరుపడ్డ కిటుకే అది. ఒక్కడు ఫ్లాష్ కొడితే దయ్యాలు చెదిరి అద్దం మిగులుతుంది. ముందూ వెనకా బళ్లలో ఉన్న పిల్లలు మళ్లీ ఎప్పుడొస్తారో ఏమో, వాళ్లకి ఆ అద్దం చూపించి పంపడం పాపం కాదూ?

రాత్రి బాణసంచా దగ్గర అసలు పరీక్ష. మంచి చోటు కోసం జనం గంట ముందునుంచే నేల మీద కూర్చుంటారు. మొదలవబోయే ముందు ఎవరో వచ్చి, "పిల్లాడికి కనబడటం లేదు, కొంచెం ముందుకి రానిస్తారా" అంటారు. పిల్లాడి వెనక నాన్న, నాన్న వెనక బాబాయి, మామయ్య, చివరికి కుటుంబమంతా ముందే తేలుతుంది. మీరా పని చెయ్యొద్దు. ముందు రాలేకపోతే వెనక నిలబడండి. సిండరెల్లా కోట ఎత్తు 189 అడుగులు, టపాసులు దానిపైన పేలతాయి. కోట గోడల మీద పడే బొమ్మలు చూడాలంటే చిన్నాణ్ణి ఎత్తాల్సిందే, చంకనెత్తుకో, వాడి తల నీ తలకి సమానంగా ఉంటుంది. భుజాల మీదికెక్కిస్తే వెనక ఉన్న ఇంకో చిన్నాడికి కనిపించేది మీవాడి వీపే.

మీ మామగారి సంగతి నీకే వదిలేస్తున్నాను. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే డిసెంబరులో హైదరాబాదులో పొద్దున ఆరున్నర. అక్కడ అందరూ కాఫీలు తాగుతూ ఉంటారు, ఆయన వీడియో కాల్ కలిపి స్పీకర్ పెట్టి చెయ్యి పైకెత్తుతారు. వెనకున్న వందమందీ ఆకాశాన్ని ఆయన ఫోన్లో చూడాలి. ఛాతీ ఎత్తున పట్టుకుని ఒక నిమిషం తీసి, తరవాత పంపించుకోమని చెప్పు. సెల్ఫీ కర్రలు 2015 నుంచే నిషేధం. కోట ముందు ఫొటోలు తీసేవాళ్లుంటారు, అడిగితే మీ ఫోన్‌తోనూ తీసిపెడతారు. తొమ్మిదిమందికీ కలిపి రెండు తీయించుకుని పక్కకి జరగండి.

ఇంకో జాగ్రత్త. మన భాష ఎవరికి తెలుస్తుందిలే అని ముందున్నవాళ్ల లావూ, బట్టలూ, ఒంటి మీది పచ్చబొట్లూ వ్యాఖ్యానించకండి. సెలవుల్లో ఈ లైన్లలో డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ తెలుగువాళ్లు బోలెడంతమంది. వెనక్కి తిరిగి "మీరే ఊరండీ?" అని అడిగితే మీ అత్తగారికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అసలు అర్థంకాని భాషలో నవ్వినా, ఎవరి గురించి నవ్వుతున్నామో ఎదుటివాళ్లకి మన చూపే చెప్పేస్తుంది.

ఇన్ని చెప్పాక నువ్వడుగుతావు: ఎదుటివాళ్లు ఇవన్నీ చేస్తే మేమేం చెయ్యాలి? ఏమీ చెయ్యొద్దు. మరీ మితిమీరితే అక్కడ పనిచేసేవాళ్లకి చెప్పు, వాళ్లు చూసుకుంటారు. 2022 జూలైలో ఈ పార్కులోనే రెండు కుటుంబాలు కలియబడి కొట్టుకున్నాయి. లైన్లోంచి వెళ్లి తిరిగొచ్చిన మనిషి దగ్గర మొదలైన గొడవని అప్పట్లో వార్తల్లో రాశారు. ఆ తరవాత డిస్నీ తన వెబ్‌సైటులో తోటివాళ్లతో మర్యాదగా మెలగమని ప్రత్యేకంగా నాలుగు మాటలు చేర్చాల్సి వచ్చింది. పిల్లల సరదా కోసం అంత దూరం వచ్చినవాళ్లు వాళ్ల కళ్లముందే చొక్కాలు పట్టుకున్నారు. ముందుకి దూరినవాడు ఐదు నిమిషాలు తీసుకుంటాడు, వాడితో తగువు పెట్టుకుంటే మిగతా రోజంతా వాడికే రాసిచ్చినట్టు. పోనివ్వు.

ఈ ఉత్తరం మీ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టకు. మీ మామగారు అంతా తన గురించే రాశాననుకుంటారు, మీ అమ్మ నాతో నెల రోజులు మాట్లాడదు. నువ్వొక్కడివే చదువుకో. మొదటిరోజు నువ్వు అందరూ వచ్చేదాకా లైను బయట ఆగితే చాలు, రెండోరోజు మీ అమ్మాయి అద్వికే తాతగారి చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఎనిమిదేళ్ల మనవరాలు చెబితే ఆయన వింటారు, నువ్వు చెబితే వినరు.

బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి. వచ్చేటప్పుడు అందర్నీ పాత బూట్లు తెచ్చుకోమను, కొత్తవి కరుస్తాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ