గుండెకు కాల్షియంతో పనేమిటి?

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్ళు గుర్తుకు వస్తాయి. కానీ గుండె కొట్టుకునే ప్రతిసారీ దానికి కాల్షియం కావాలి. ఈ సంగతిని మొదట తెలిపినవారు లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ (1835–1910).

ఆయన కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో ఉంచి ప్రయోగాలు చేసేవారు. 1882లో చేసిన ప్రయోగాల్లో గుండె చాలాసేపు చక్కగా కొట్టుకుంది. అయితే ఆ ద్రావణాన్ని స్వేదనజలంతో కాక కుళాయి నీటితో కలిపారని తర్వాత తెలిసింది. స్వేదనజలంతో కలిపి చూస్తే గుండె కొద్దిసేపటికే ఆగిపోయింది. కాస్త కాల్షియం లవణం వేయగానే తిరిగి కొట్టుకుంది. అంటే అంతకుముందు గుండెను నడిపింది కుళాయి నీటిలోని కాల్షియమే! రింగర్ ఈ పొరపాటును దాచుకోలేదు. 1883లో తానే ప్రచురించారు. నేడు ఆసుపత్రుల్లో ఎక్కించే ఆర్.ఎల్. సెలైన్‌లో ‘ఆర్’ ఆయన పేరే.

ఇది ఎలా పనిచేస్తుంది? విద్యుత్ సంకేతం రాగానే గుండె కణం గోడలోని ద్వారాలు తెరుచుకుని కొంచెం కాల్షియం లోపలికి వస్తుంది. అది కణంలోని నిల్వ నుండి మరింత కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. ఆ కాల్షియం ట్రోపోనిన్ అనే ప్రొటీనుకు అతుక్కోగానే కండరం ముడుచుకుంటుంది. 1960లలో ఈ ప్రొటీనును కనుగొన్నది జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి బృందం. తర్వాత కణంలోని పంపులు కాల్షియాన్ని తిరిగి నిల్వలోకి తోడేస్తాయి. అప్పుడు కండరం వదులవుతుంది.

గుండె బలహీనపడే జబ్బులో ఈ పంపులు మందగిస్తాయి. నిల్వ తగ్గి ముడుచుకోవడంలో బలం పోతుంది, వదులవడం ఆలస్యమవుతుంది. ఆయాసం, కాళ్ళ వాపు వస్తాయి. అలాగని కాల్షియం బిళ్ళలు మింగితే ఈ జబ్బు నయం కాదు. లోపం కాల్షియం కొరతలో కాదు, దాని రాకపోకల్లో ఉంది.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్ బిళ్ళ కూడా కాల్షియం ద్వారాల మీదే పనిచేస్తుంది. రక్తనాళాల కండరాల్లోకి కాల్షియం చేరడాన్ని తగ్గిస్తుంది. నాళాలు వదులై బి.పి. తగ్గుతుంది. తగ్గింది కదా అని డాక్టరును అడగకుండా బిళ్ళ మానేస్తే మళ్ళీ పెరుగుతుంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట పెద్దలకు చెప్పండి.

మిత్రులారా! ప్రయోగంలో అనుకున్న ఫలితం రాకపోతే రికార్డులో అంకెలు మార్చి రాయకండి. వాడిన నీటిని కూడా అనుమానించి మళ్ళీ చేసి చూడండి. రింగర్ చేసిన పని అదే.