తల్లిదండ్రులు విడిపోతే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి?

తలాఖ్ లేదా ఖులాతో భార్యాభర్తల బంధం తెగిపోతుంది. కాని బిడ్డకు తల్లితో, తండ్రితో ఉన్న బంధం తెగదు. మసాయెల్ అడగడానికి మా వద్దకు వచ్చేవారిలో కొందరు "బిడ్డ నా రక్తం, ఆమెకెందుకివ్వాలి?" అంటారు. మరికొందరు "బిడ్డను చూపించకపోతేనే ఆయనకు బుద్ధొస్తుంది" అంటారు. ఈ రెండు మాటల్లోనూ బిడ్డ మేలు కనిపించదు. కనుక షరీఅత్ ఏమంటుందో, మన దేశంలో న్యాయస్థానాలు ఏం చూసి తీర్పు చెబుతాయో తెలుసుకుందాం.

హిజానత్, విలాయత్

ఇవి రెండు వేర్వేరు బాధ్యతలు. చిన్న బిడ్డను దగ్గరుంచుకొని పెంచడం హిజానత్. ఇందులో మొదటి హక్కు తల్లిది. బిడ్డ ఆస్తి, వివాహం వంటి వ్యవహారాలు చూడటం విలాయత్. ఇది తండ్రిది. బిడ్డ తల్లి దగ్గరున్నా ఖర్చు తండ్రే భరించాలి. బిడ్డ కారణంగా తల్లిని గాని, తండ్రిని గాని బాధపెట్టరాదని బఖరా సూరా 233వ ఆయత్ బోధిస్తోంది.

భర్త తలాఖ్ ఇచ్చి బిడ్డను తీసుకుపోవాలనుకుంటున్నాడని ఒక స్త్రీ దైవప్రవక్త (స)తో మొరపెట్టుకుంది. ఆమె మళ్ళీ నికాహ్ చేసుకోనంతవరకు బిడ్డపై ఆమెకే ఎక్కువ హక్కు ఉందని ఆయన (స) తీర్పు చెప్పారు. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది.

హనఫీ ఫిఖా ప్రకారం అబ్బాయి ఏడేళ్ళ వరకు, అమ్మాయి యుక్తవయసు వచ్చేవరకు తల్లి దగ్గర ఉంటారు. బిడ్డకు మహ్రమ్ కాని వ్యక్తిని తల్లి వివాహమాడితే ఈ హక్కు అమ్మమ్మకు, ఆ తర్వాత నానమ్మకు చేరుతుంది. షాఫయీ ఫిఖాలో మంచిచెడులు తెలిసే వయసు వచ్చిన బిడ్డను ఎవరి దగ్గర ఉంటావని అడుగుతారు.

ఖలీఫా ముందు హజ్రత్ ఉమర్ (రజి)

హజ్రత్ ఉమర్ (రజి) తన భార్య నుండి విడిపోయారు. ఒకరోజు ఖుబా మస్జిద్ ఆవరణలో ఆడుకుంటున్న కొడుకు ఆసిమ్‌ను చూసి, తన వాహనంపై కూర్చోబెట్టుకున్నారు. పిల్లవాడి అమ్మమ్మ అడ్డుపడింది. తగాదా ఖలీఫా హజ్రత్ అబూ బక్ర్ (రజి) ముందుకు వెళ్ళింది. బిడ్డను ఆమెకే వదిలేయమని ఆయన తీర్పిచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) మారుమాట్లాడలేదని ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఉంది. ఉమర్ (రజి) అంతటివారే తలవంచారంటే, మన పట్టుదల ఏపాటిది?

కోర్టు ఏం చూస్తుంది?

మన దేశంలో ఈ దావాలు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద నడుస్తాయి. బిడ్డ మామూలుగా నివసించే ప్రాంతపు కోర్టులో, ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అందులో దావా వేయాలి. బిడ్డకు వర్తించే మత చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని, బిడ్డ సంక్షేమం దేనిలో ఉందో న్యాయమూర్తి నిర్ణయించాలని 17వ సెక్షన్ చెబుతోంది. బిడ్డ వయసు, ఆడా మగా, మతం, అడుగుతున్నవారి నడవడి, పెంచగల సామర్థ్యం చూస్తారు. తెలివిగా చెప్పగల వయసుంటే బిడ్డ ఇష్టాన్నీ తెలుసుకోవచ్చు. కనుక ఏడేళ్ళు నిండినంత మాత్రాన కొడుకు తండ్రికి దానంతటదే రాడు. తల్లి అయినంత మాత్రాన గెలుపు ఖాయం కాదు.

ముస్లిమ్ తండ్రి తన పిల్లల పోషణ బాధ్యత నుండి తప్పుకోలేడని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ తప్పులు చేయకండి

"బిడ్డను వదులుకుంటేనే ఖులా ఇస్తా" అనే షరతు పెట్టడం సరికాదు. హిజానత్ బిడ్డ హక్కు కూడా. అందుకే హనఫీ ఫిఖాలో అలాంటి ఖులా చెల్లుతుంది గాని ఆ షరతు చెల్లదు. బిడ్డను చూడనివ్వలేదని ఖర్చు ఆపడం, ఖర్చు ఇవ్వలేదని బిడ్డను దాచడం రెండూ అన్యాయమే. కోర్టు గడప తొక్కకముందే ఇరువైపుల పెద్దలు కూర్చొని, బిడ్డ ఎక్కడుండాలో, ఎప్పుడు కలవాలో, ఖర్చెంతో కాగితంపై రాసుకోవడం మేలు.

బిడ్డ మనకు అల్లాహ్ ఇచ్చిన అమానత్. ఆ అమానత్ గురించి రేపు ప్రళయదినాన ఇద్దరూ జవాబు చెప్పుకోవాలి. అల్లాహ్ మనందరికీ న్యాయంగా నడుచుకునే భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.