పండుగ వంటల పుట్టినిళ్ళు

ఉగాదికి పులిహోర, సంక్రాంతికి అరిసెలు, రంజానుకు షీర్ ఖుర్మా - పల్నాటిలో ఏ ఇంట ఏది వండినా పొరుగింటికి ఒక గిన్నె వెళ్ళడం వాడుక. అయినా "అది మీ వంట, ఇది మా వంట" అనే మాట విద్యార్థుల నోట అప్పుడప్పుడు వింటూనే ఉన్నాము. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో దినుసుల పుట్టుపూర్వోత్తరాలను బట్టి పరిశీలిద్దాము.

ముందుగా మిరపకాయ. గుంటూరు మిర్చియార్డుకు బస్తాలు తోలే మన రైతుకు ఇంతకంటె సొంత పంట మరొకటి తోచదు. కాని దీని జన్మభూమి అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ వైపు ఓడ నడిపిన తరువాత, 16వ శతాబ్దిలో పోర్చుగీసు వారు దీనిని మన పడమటి తీరానికి తెచ్చినారు. అంతకుముందు మనకు కారమంటే ప్రధానంగా మిరియమే. కొత్త కాయ మిరియము వలె మండినందున మిరియపుకాయ అయినది, అదే మిరపకాయ. ఉర్దూలోనూ ఇదే కథ. నల్లనిది కాలీ మిర్చ్, ఎర్రనిది లాల్ మిర్చ్. కొత్త అతిథికి పాత చుట్టము పేరు పెట్టడంలో రెండు భాషల బుద్ధీ ఒక్కటే!

కనుక శ్రీనాథుని నాటి పల్నాటిలో మిరపకాయ లేదు. ఆయన పేరిట ప్రచారంలో ఉన్న చాటువులు ఇక్కడి జొన్నకూటిని ఎగతాళి చేసినవి. ఆ జొన్న కూడా వేల ఏండ్ల క్రితము ఆఫ్రికా నుండి వచ్చిన ధాన్యమే.

ఆ కాలపు పండుగ సరంజామా తెలియాలంటే కొండవీటిని చూడవలెను. 14వ శతాబ్ది చివర కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలు జరిపి కర్పూర వసంతరాయడని పేరొందినాడు. వాటికి సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చినది ఇతనికే. కర్పూరవృక్షాలు సుమత్రా, బోర్నియో అడవులవి. అంతకు ముందే, 1244 నాటి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము చందనము, కర్పూరము, మిరియాలపై సుంకాలను నిర్ణయించినది. అనగా పండుగ పరిమళము మన తీరానికి ఓడలలో దిగేది. బిర్యానీలోని లవంగము మొలక్కా దీవులది. దాల్చిన చెక్క పేరులోనే చీనా ఉన్నది.

ఇక షీర్ ఖుర్మా. షీర్ అనగా పాలు, ఖుర్మా అనగా ఖర్జూరము, పేరు పారశీకము. దీనినే కొందరు పరాయి వంట అంటారు. కాని ఇందులోని చక్కెర మాటేమి? చెరకురసాన్ని పలుకులుగా చేసే విద్య భారతదేశానిది. మన శర్కరయే పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్ అయినది. ఏలకులు పడమటి కనుమలవి. మరి పులిహోర? మిరప అమెరికాది. చింతపండును అరబ్బులు తమ్ర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరము, అన్నారు. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రము ఆ చెట్టు పుట్టుక ఆఫ్రికాలోనని చెప్పుచున్నారు. లెక్క చూడగా ఈ రెండింటిలో ఎక్కువ దూరము నడచివచ్చినది పులిహోరయే అని మాకు తోచుచున్నది.

ఇంగువ సంగతి మరీ విచిత్రము. ప్రపంచంలో దానిని అత్యధికంగా వాడేవారము మనమే. అయినా మన శాస్త్రజ్ఞులు హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో ఆ మొక్కను నాటినది 2020 అక్టోబరులో. అంతవరకు మన పోపులో పడిన ఇంగువ ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్ వంటి పరదేశాల కొండల నుండి వచ్చినదే.