వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేది కాదు: లంక రైతులకు గోదావరి లెక్క

పై వీడియోలో బోర్డు మీద వేసి చూపించిన లెక్కే ఇది. కాగితం మీద రాసుకుంటామన్న వాళ్ల కోసం మళ్ళీ రాస్తున్నాను.

2022 జూలైలో మా లంకలో ఘన జీవామృతం కుప్ప, దాచుకున్న దేశవాళీ వరి విత్తనం రెండూ గోదారి పాలయ్యాయి. "86 లాంటి వరద ఇక రాదులే" అన్న ధీమాతో పల్లంలోనే ఉంచాం మరి.

లెక్కకి ప్రతి ఏడాదీ భద్రాచలం దగ్గర గోదావరి ఎక్కిన అత్యధిక మట్టం ఒక్కటే తీసుకోండి. ఏడాదిలో మూడుసార్లు వరదొచ్చినా పెద్దదే రాయాలి. 1976 నుంచి 2025 దాకా 50 ఏళ్లు. పెద్దదాని నుంచి వరుసగా పేర్చితే మొదటిది 1986, 75.6 అడుగులు. రెండోది 2022, 71.3. మూడోది 1990, 70.8. ఏళ్ల సంఖ్యకు ఒకటి కలిపి వరుస సంఖ్యతో భాగించాలి. మూడోదానికి 51ని 3తో భాగిస్తే 17. అంటే 70.8 అడుగులు, ఆపైన వచ్చే వరద సగటున 17 ఏళ్లకోసారి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. 1986 తర్వాత నాలుగేళ్లకే 1990 వరద వచ్చింది. ఆ తర్వాత 32 ఏళ్లు అంత ఎత్తుకు రాలేదు. పోయినేడు వచ్చిందని ఈ ఏడు రాకుండా పోదు. ఏ ఏడాదైనా 17లో ఒక వంతు అవకాశం ఉన్నట్టే. తప్పించుకునే అవకాశం 17లో 16 వంతులు. దాన్ని పది ఏళ్లకు పదిసార్లు హెచ్చవేస్తే నూటికి 55 మిగులుతుంది. అంటే పదేళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 45! వందేళ్ల వరద కూడా ఓ రైతు సేద్యం చేసే 30 ఏళ్లలో వచ్చే అవకాశం నూటికి 26.

ఇంజనీర్లు మట్టంతో పాటు క్యూసెక్కులూ చూస్తారు, ఇసుక మేటలు, గట్లు మట్టాన్ని మార్చేస్తాయి కాబట్టి. ధవళేశ్వరం దగ్గర 1986లో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. పోలవరం స్పిల్‌వేను 50 లక్షలకు కట్టారు. 50 ఏళ్ల రికార్డు చిన్నదే, దాన్ని దాటిన వరదా రావచ్చు.

భద్రాచలం అడుగులు మన లంకలో అలాగే వర్తించవు. ఊళ్లో గోడల మీద 2022 నీటి మరక ఎక్కడుందో వెతికి, మీ ఆవుల పాక నేల దానికి ఎంత కిందుందో నీళ్ల గొట్టంతో కొలవండి. 86 మరకను మాత్రం పెద్దవాళ్లని అడిగి చూడండి. అప్పుడు గట్లు తెగాయి, తర్వాత ఎత్తు పెంచారు. విత్తనం అటక ఆ రెండు మరకల్లో పైదానికి ఇంకో రెండడుగులు పైన ఉండేలా చూసుకోండి.