గర్భసంచి ఆపరేషను తరువాత నడక, పని, శరీరపు బరువు

విత్తనములను, ఎరువులను, అప్పుల వాయిదాలను గూర్చి వ్రాయు ఈ పుటలలో స్త్రీల శస్త్రచికిత్సను గూర్చి వ్రాయుట యేల యని సభ్యులలో కొందఱు అనుకొనవచ్చును. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 సంవత్సరముల లోపు స్త్రీలలో గర్భసంచి తీసివేయించుకొన్నవారు దేశమంతటికి నూటికి 3.3 వంతున నుండగా, ఆంధ్రప్రదేశములో 8.7, తెలంగాణలో 8.2 వంతున నున్నట్లు తేలినది. అనగా మన రెండు రాష్ట్రములలో ఆ వయస్సు స్త్రీలలో ఇంచుమించు పండ్రెండుగురికి ఒకరు. మన సంఘములోని యే వీధిని చూచినను ఇట్టివారుందురు. వారిలో పెక్కురు నాట్లు వేయువారు, కలుపు తీయువారు, పాడిపశువులను సాకువారు. ఆపరేషను చేయించుటకు అప్పు తెచ్చు రైతు, దాని తరువాత గడవవలసిన మూడు మాసములను గూర్చి ఆలోచింపకుండుట మేము తఱచుగా చూచుచున్నాము.

ఈ ఆపరేషను కొందఱికి తప్పనిసరి. గడ్డలు పెరిగి రక్తస్రావము ఆగనివారికి, పుండు జబ్బు పట్టినవారికి, గర్భసంచి జారి బయటికి వచ్చినవారికి ఇది ప్రాణమును, సుఖమును నిలుపును. తెల్లబట్ట యగుచున్నదనియో, పిల్లలు చాలుననియో, ముందు ముందు పుండు పుట్టునేమో యను భయముచేతనో తీసివేయించుట వేఱుమాట. అట్టి సలహా వచ్చినపుడు మఱియొక వైద్యురాలిని అడుగక సంతకము చేయరాదు. ఇక మీదట వ్రాయునది ఆపరేషను జరిగిపోయినవారి కొఱకు, ముఖ్యముగా వారి యింటివారి కొఱకు.

మేమెఱిగిన రెండిండ్ల సంగతి చెప్పెదము. ఒక యింటి ఇల్లాలు పదునెనిమిదవ దినమున బోరింగు నుండి బిందె యెత్తి చంక నిడుకొని వచ్చెను. పైకుట్లు మానినవి, నొప్పి లేదు, కావున తాను బాగుపడితినని ఆమె తలచెను. ఆ రాత్రియే రక్తస్రావము మొదలై మరల ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చెను. రెండవ యింట అత్తగారు మిక్కిలి ప్రేమగలది. కోడలిని మూడు మాసములు మంచము దిగనీయక, మూడు పూటల నేయి వేసి అన్నము పెట్టెను. ఆ కోడలు తొమ్మిది కిలోలు పెరిగి, నాలుగడుగులు వేసిన ఆయాసపడుచు, తుదకు మోకాళ్ల నొప్పులకు మందు తినసాగెను. మొదటి యింట శ్రద్ధ చాలలేదు, రెండవ యింట శ్రద్ధకు కొదువ లేదు. రెండుచోట్లను తెలియకపోయినది ఒకటే: ఈ దినములలో కదలిక మంచిది, బరువు చెడ్డది.

కారణమేమనగా, గర్భసంచిని పొట్ట కోసి తీసినను, చిన్న రంధ్రముల ద్వారా గొట్టములు పంపి తీసినను, క్రిందినుండి తీసినను, లోపల యోని పైకొనయందు కుట్లు పడును. పైచర్మము పది పదునైదు దినములలో అతుకుకొనును గాని, లోపలి కుట్లు, పొట్టగోడలోని గట్టి పొర బలపడుటకు ఆరు మొదలు పండ్రెండు వారములు పట్టును. మనము బరువెత్తునపుడు ఊపిరి బిగబట్టుదుము. అప్పుడు పొట్టలోని ఒత్తిడి యంతయు క్రిందికి, ముందునకు త్రోయును. కొత్తగా వేసిన చెఱువుకట్టకు నిండు నీరు ఆనించినట్లే యగును. కుట్లు తెగినను తెగును, తెగకున్నను కోత స్థలమున బుడ్డ దిగుట, కొన్ని యేండ్లకు మూత్రసంచి జారుట కలుగవచ్చును. చిన్న రంధ్రముల ఆపరేషను చేయించుకొన్నవారికి నొప్పి తక్కువగుటచే ఈ పొరపాటు మఱింత సులభము. వారు త్వరగా లేచి తిరిగినను, లోపలి కుట్ల గడువు వారికిని ఉన్నది.

ఆరు వారముల వరకు నాలుగైదు కిలోలకు మించి యెత్తరాదని వైద్యులు సామాన్యముగా చెప్పుదురు. నాలుగైదు కిలోలనగా మూడు నాలుగు లీటర్ల పాలక్యాను. నిండు బిందె పండ్రెండు మొదలు పదునైదు కిలోలు. త్రాగునీటి డబ్బా ఇరువది. గ్యాసు బండ నిండినపుడు ముప్పది కిలోలు. రెండేండ్ల బిడ్డ పది కిలోలకు పైమాట. బిడ్డను ఎత్తుకొనక యుండుట తల్లికి కష్టమే. కూర్చుండియుండగా బిడ్డను ఒడిలోనికి ఇంకొకరు అందింపవలెను. పేడతట్ట, గడ్డిమోపు, తడిబట్టల బకెట్టు, రుబ్బురోలు, చేతిపంపు కొట్టుట, ఇవన్నియు బరువులే. ఒకచో కూర్చుండి కూరలు తరుగుట, బియ్యము ఏరుట బరువులు కావు, అవి చేయవచ్చును.

ఇక కదలిక. ఆపరేషను జరిగిన మఱునాడే, ఒక్కొక్కపుడు ఆ సాయంకాలమే, నర్సు రోగిని లేపి నిలువబెట్టును. అది నిర్దయ కాదు. కదలక పడియున్నవారి కాళ్ల నాళములలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయి ప్రాణము తీయవచ్చును. మంచముమీద నున్నపుడును పాదములను గుండ్రముగా త్రిప్పుట, మడమలను పైకి క్రిందికి ఆడించుట, మోకాళ్లను ఒకదాని తరువాత ఒకటి ముడుచుట గంటకొకమాఱు చేయవలెను. దగ్గు వచ్చినపుడు దిండును పొట్టకు అదుముకొని దగ్గవలెను. లేచునపుడు తిన్నగా లేవక, మొదట ప్రక్కకు ఒత్తిగిలి, కాళ్లు క్రిందికి వ్రేలవేసి, చేతులు ఊని లేవవలెను. ఈ చిన్నపాటి లేచు పద్ధతి తెలియకనే పెక్కురు తొలివారమున ఎక్కువ బాధ పడుదురు.

ఇంటికి వచ్చిన మొదటి వారము పెరటిలో ఐదు నిమిషములు, ఉదయము ఒకమాఱు, సాయంకాలము ఒకమాఱు నడచిన చాలును. రెండు మూడు దినములకు ఒకటి రెండు నిమిషములు పెంచుచు పోవలెను. నాలుగవ వారమునకు ఇరువది నిమిషములు, ఆరవ వారమునకు ముప్పది నిమిషములు నడువగలిగిన మంచిదే. అంతకంటె తక్కువైనను చింత లేదు. నడచుచు మాటలాడగలిగినంత వేగము తగిన వేగము. నడచిననాటి రాత్రి గాని, మఱునాడు గాని నొప్పి హెచ్చినను, ఎఱ్ఱబట్ట హెచ్చినను, కాలము మించినదని గ్రహించి రెండు దినములు తగ్గించి మరల మొదలిడవలెను. నడచుటకు సమమైన బాటను ఎంచుకొనవలెను. పొలము గట్లు జారును, జారినపుడు నడుము బిగబట్టుట తప్పదు. మెట్లు మెల్లగా ఎక్కుటకు అడ్డు లేదు. మోటారు బండి వెనుక కూర్చుండి గోతుల బాటపై పోవుట, ట్రాక్టరు ఎక్కుట మాత్రము కూడదు.

పొట్ట తగ్గింపవలెనని పడుకొని లేచు కసరత్తులు, ధనురాసనము, భుజంగాసనము, సూర్యనమస్కారములు మూడు మాసములలోపల ఆరంభింపరాదు, ఆపైనను వైద్యురాలిని అడిగియే చేయవలెను. వీనికంటె ఉపయోగకరమగు సాధన యొకటి కలదు. దీనిని 1948 లో అమెరికా దేశపు వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రకటించెను. మూత్రద్వారము, యోని, మలద్వారము, ఈ మూటిని క్రిందినుండి ఉట్టివలె మోయు కండరములున్నవి. అపానవాయువును, మూత్రమును ఒకేమాఱు ఆపుకొనునట్లుగా ఆ కండరములను లోనికి, పైకి బిగించి, ఐదు క్షణములు నిలిపి, అంత సేపును వదలివేయవలెను. క్రమముగా పది క్షణములకు పెంచవలెను. ఇట్లు పది మాఱులు, దినమునకు మూడు పర్యాయములు. తొడలు, పిరుదులు, పొట్ట బిగియరాదు, ఊపిరి ఆగరాదు. మూత్రపు గొట్టము తీసి, మూత్రము బాగుగా వచ్చుచున్న పిమ్మట దీనిని ప్రారంభింపవచ్చును. మూత్రము పోయుచు నడుమ ఆపి అభ్యాసము చేయరాదు. బయటివారికి తెలియక, అన్నము వండుచు కూడ చేయదగిన సాధన యిది. తుమ్మినపుడు, నవ్వినపుడు బట్టలు తడియునని సిగ్గుచే చెప్పుకొనలేని స్త్రీలెందఱో కలరు. వారికి దీనివలన మేలు కలుగును.

బరువు పెరుగుట విషయమై ఊళ్లలో ఒక మాట కలదు: గర్భసంచి తీసిన మనిషి లావెక్కక మానదని. గర్భసంచి తీసినంతమాత్రమున కొవ్వు పుట్టదు. రైతు జమాఖర్చు చూచినట్లు చూడవలెను. పొలములో దినమంతయు వంగి నాటువేసిన స్త్రీ ఎంత అన్నము తినినను అరుగును. ఆమెయే మంచమున నుండి అదే అన్నము తినినచో జమ మిగులును. దినమునకు 300 కేలరీలు, అనగా సుమారు 85 గ్రాముల బియ్యము, అదనముగా మిగిలినచో రెండు మాసములలో రెండు కిలోలకు పైగా కొవ్వు చేరును. నేయి, నూనె మఱింత త్వరగా చేర్చును. అయితే అండాశయములను కూడ తీసివేసినవారి సంగతి వేఱు. వారికి ముట్లుడుగు వయస్సు ఒక్క దినములో వచ్చిపడును. ఒడలు మండుట, నిద్రపట్టకపోవుట, కొవ్వు నడుముచుట్టు చేరుట, ఎముకలు గుల్లబారుట కలుగును, గుండె జబ్బు భయమును హెచ్చును. నలువది యేండ్లలోపు వారికి ఇది చిన్న విషయము కాదు. ఆసుపత్రి విడుచుటకు ముందే, అండాశయములు ఉంచినారా, తీసినారా యని అడిగి, చీటీపై వ్రాయించుకొనవలెను. తీసినచో హార్మోను మందు తమకు తగునా యని వైద్యురాలిని అడుగవలెను. మేమడిగిన కుటుంబములలో సగము మందికి ఈ సంగతియే తెలియదు.

మొదటి ఆరు వారములు చిక్కవలెనను ప్రయత్నము వలదు. గాయము మానుటకు మాంసకృత్తులు కావలెను. ఇచ్చటనే మన పథ్యము అడ్డుతగులును. పప్పు తినిన చీము పట్టుననియు, పెరుగు తినిన జలుబు చేయుననియు, నీరు త్రాగిన పొట్ట ఉబ్బుననియు చెప్పి, కారపుపొడి అన్నముతో నెలలు గడుపుదురు. పప్పు వలన చీము పట్టదు, చీము సూక్ష్మజీవుల వలన పట్టును. కందిపప్పు, పెసరపప్పు, గ్రుడ్డు, చేపలు, పెరుగు, మజ్జిగ, ఇవియే గాయమును పూడ్చు సరకులు. ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు, తగినంత నీరు మలబద్ధకము రాకుండ చేయును. మలవిసర్జనకు ముక్కుట బిందె యెత్తుటకు తీసిపోదని గుర్తుంచుకొనవలెను. అధిక రక్తస్రావముతో చాలకాలము బాధపడినవారు రక్తము తక్కువై యుందురు. వారికిచ్చిన ఇనుపధాతువు మాత్రలను టీతో మ్రింగరాదు, నిమ్మరసముతో మ్రింగిన బాగుగా ఒంటబట్టును. ఎముకల కొఱకు రాగులు మన చేలలోనే యున్నవి. 100 గ్రాముల రాగులలో సున్నపుధాతువు 340 మిల్లీగ్రాములకు తక్కువ కాదు. రాత్రిపూట అన్నమునకు బదులు రాగిసంకటి చిన్నముద్ద, పప్పు, కూర అయినచో బరువునకును ఎముకలకును మంచిదే. సంకటి పేరు చెప్పి రెండు ముద్దలు తినిన ఫలము లేదు.

ఆరు వారముల పరీక్ష అయిన తరువాత వారమునకొకమాఱు, ఒకే వేళకు, బరువు చూచుకొనవలెను. ఆరోగ్య ఉపకేంద్రములో త్రాసు కలదు. మన సంఘపు ఎరువుల గోదాములోని కాటాపై చూచుకొన్నను తప్పులేదు. 150 సెంటీమీటర్ల ఎత్తు గల స్త్రీకి 52 కిలోలు దాటిన అధిక బరువు, 56 దాటిన ఊబకాయము అని భారతీయులకు ఏర్పరచిన లెక్క. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు మించరాదు. తగ్గవలసియున్నచో వారమునకు అరకిలో తగ్గిన చాలును. వారమునకు ఐదు దినములు, దినమునకు ముప్పది నిమిషములు చురుకైన నడక, అన్నములో పావువంతు తగ్గించి ఆ చోట కూర వేసికొనుట, టీలో చక్కెర, సాయంకాలపు బజ్జీలు మానుట, ఇంతకు మించిన మందు మాకు తెలియదు. చిక్కుటకని అమ్ము పొడులకు డబ్బు తగులవేయవలదు.

జ్వరము వచ్చుట, దుర్వాసనగల స్రావము, గంటకొక గుడ్డ తడియునంత రక్తము, కోతనుండి చీము, ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగనుండుట, ఆగని వాంతులు, మూత్రము రాకపోవుట, వీనిలో ఏది కనబడినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. అకస్మాత్తుగా ఆయాసముగాని రొమ్ము నొప్పిగాని వచ్చినను, క్రిందినుండి ఏదో జారి వచ్చినట్లు తోచినను తెల్లవారువరకు ఆగక 108 కు ఫోను చేయవలెను. దాంపత్యము ఆరు మొదలు ఎనిమిది వారములు, వైద్యురాలు పరీక్షించి సరేననువరకు, మానవలెను. ఈ మాట మగవారికే చెప్పుచున్నాము. భార్య కాదనలేకపోవుటను అంగీకారముగా తీసికొనరాదు.

ప్రాణాపాయము లేని ఆపరేషనుకు దినము ఎంచుకొను వీలు మనకున్నది. నాట్లకు నెల ముందు చేయించి, నాట్లనాటికి ఆమెను మడిలో దింపుట కంటె, నాట్లును మొదటి కలుపును ముగిసిన పిమ్మట చేయించుట మేలు. అప్పటికిని పనులుండును. ఇరుగుపొరుగు స్త్రీలు బదులు కూలి పద్ధతిని నీళ్లు మోయుటకును, పాలు పితుకుటకును వాడుకొన్నచో ఖర్చు లేక గడచును. ఆమె కోలుకొన్న పిదప ఆ బదులు తీర్చుకొనును. అప్పు కొఱకు సంఘమునకు వచ్చువారు ఆసుపత్రి ఖర్చుతో పాటు మూడు మాసముల కూలి నష్టమును కూడ లెక్కలో చూపవలెనని మా సలహా. అది చూపనందుననే మూడవ వారమున ఆమె పనికి పోవలసి వచ్చుచున్నది.

మూడు మాసముల పిమ్మట వైద్యురాలు అనుమతించినచో పొలమునకు పోవచ్చును. మొదటి వారము ఒక పూట మాత్రమే, అదియు కూర్చుండి చేయు పనులు. రెండవ వారము వంగుపని గంటసేపు, నడుమ విశ్రాంతి. నారుకట్టలు మోయుట, తట్టలెత్తుట అన్నిటికంటె కడపట.