ముద్ద దిగదు, కునుకు పట్టదు

కూతురి పెళ్లి దగ్గర పడింది. డబ్బు ఇంకా సర్దుబాటు కాలేదు. తల్లి కంచం ముందు కూర్చుంటుంది. రెండు ముద్దలు తింటుంది. చెయ్యి కడుక్కుంటుంది. "అదేంటమ్మా, అంతేనా?" అంటే "సయించడం లేదు" అంటుంది. రేపు పరీక్ష అంటే ఈ రాత్రి పిల్లవాడికి నిద్ర పట్టదు. కోర్టు వాయిదా ఉన్నవాడికీ అంతే.

ఇవన్నీ మనకు తెలిసినవే. కాని దిగులు ఉండేది మనసులో కదా. కడుపుకూ, కంటికీ దానితో ఏం పని?

పొలం గట్టు మీద పోతున్నాం. కాళ్ల ముందు పాము కనబడింది. గుండె దడదడ కొట్టుకుంటుంది. నోరు ఎండిపోతుంది. అప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మన మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులు ఉన్నాయి. మెదడు హెచ్చరించగానే అవి అడ్రినలిన్ అనే రసాన్ని నెత్తురులోకి వదులుతాయి. కాళ్లకూ చేతులకూ నెత్తురు ఎక్కువగా పోతుంది. కడుపుకు తగ్గుతుంది. పరుగెత్తవలసిన సమయంలో అన్నం అరగడం ముఖ్యం కాదు కదా! అందుకే భయంలో ఆకలి చచ్చిపోతుంది.

పాము పొదలోకి పోతే దడ తగ్గుతుంది. అప్పు అలా పోదు. అప్పు ఇచ్చినవాడు రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. ఒళ్లు మాత్రం రోజంతా పామును చూసినట్టే ఉంటుంది. అప్పుడు ఆ గ్రంథుల నుంచే కార్టిజాల్ అనే ఇంకో రసం ఎక్కువగా వస్తుంది. దీనివల్ల కొందరికి ఆకలి తగ్గడానికి బదులు పెరుగుతుంది. తీపి మీదికి, నూనెలో వేయించిన వాటి మీదికి మనసు పోతుంది. అలాంటివాళ్లను తిండిపోతులని ఎగతాళి చేస్తారు. అది తప్పు. షుగరు జబ్బు ఉన్నవాళ్లు ఇలా తింటే జబ్బు ముదురుతుంది.

ఇక నిద్ర సంగతి. ఈ కార్టిజాల్ రాత్రిపూట తగ్గాలి, తెల్లవారుజామున పెరగాలి. దిగులు ఉన్నవాళ్లకు రాత్రి కూడా సరిగా తగ్గకపోవచ్చు. ఒళ్లు అలిసిపోయినా మెదడు కాపలా కాస్తూనే ఉంటుంది. కొందరికి పడుకున్నా కన్ను మూతపడదు. కొందరు రాత్రి రెండింటికో మూడింటికో లేచి కూర్చుంటారు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. అది లేకపోతే చిరాకు, నీరసం. నీరసంతో పని సాగదు. పని సాగకపోతే దిగులు ఇంకా పెరుగుతుంది.

ఒక పత్తి రైతు ఇల్లు అనుకుందాం. పంట పోయింది. అప్పు మిగిలింది.

"ఏమయ్యా, పది రోజులుగా చూస్తున్నా. కంచంలో అన్నం కంచంలోనే ఉంటోంది" అన్నది భార్య.

"ఆకలి లేదు. ఊరికే విసిగించకు."

"వాడికి దిష్టి తగిలిందే. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వెయ్యి" అన్నది అత్త.

"తిప్పుదాం అత్తమ్మా. రేపు ఆసుపత్రికి కూడా పోదాం" అన్నది కోడలు.

మంచి కోడలు! అత్త మాట తీసెయ్యలేదు, చేయవలసిన పనీ మానలేదు.

ఆ రైతు నిద్ర కోసం రాత్రిళ్లు తాగడం మొదలుపెట్టాడు. చాలామంది చేసే పని ఇది. మందు తాగితే నిద్ర తొందరగా వస్తుంది, నిజమే. కాని అర్ధరాత్రి దాటాక అదే మందు నిద్ర చెడగొడుతుంది. కొన్నాళ్లకు తాగనిదే నిద్ర రాదు. పైగా ఇంట్లో గొడవ. ఆ గొడవ ఎలా ఉంటుందో ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే సారా మీద పోరాటానికి దిగారు.

ఆసుపత్రికి ఎందుకు పోవాలి? తిండి సయించకపోవడం, చిక్కిపోవడం ఒక్క దిగులు వల్లనే రావు. క్షయ వల్ల రావచ్చు. షుగరు వల్ల, థైరాయిడ్ వల్ల కూడా చిక్కిపోవచ్చు. ముందు పరీక్ష చేయించాలి. డాక్టరు దగ్గర "నీరసంగా ఉంది, సూది వెయ్యండి" అని ఊరుకోకూడదు. నిద్ర లేదనీ, మనసు బాగా లేదనీ చెప్పాలి. చెప్పకపోతే డాక్టరుకు మాత్రం ఎలా తెలుస్తుంది? నిద్ర మాత్రలు మాత్రం మందుల షాపులో మనంతట మనం కొనుక్కోకూడదు.

ఇంట్లో చేసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. కడుపు నిండా తినలేకపోతే కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తినాలి. జావ, మజ్జిగన్నం, ఉడికించిన గుడ్డు, ఏది దిగితే అది. సాయంత్రం తర్వాత టీ వద్దు. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. రాత్రి నిద్ర పట్టకపోయినా పొద్దున రోజూ ఒకే వేళకు లేవాలి. ఇంకొక పని. మీకు ఇప్పుడు రాయడం వచ్చు. పగటి పూట ఒక కాగితం తీసుకోండి. ఎవరికి ఎంత ఇవ్వాలి, వడ్డీ ఎంత, ముందు ఎవరికి ఇవ్వాలి, ఎవరిని గడువు అడగవచ్చు, అన్నీ రాయండి. ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. దీనితో అప్పు తీరదు. కాని తలలో రాత్రంతా తిరిగే లెక్క కాగితం మీదికి వస్తుంది. ఒక్కడి లెక్క నలుగురి లెక్క అవుతుంది.

రెండు వారాలు దాటినా తిండీ నిద్రా దారికి రాలేదా? ఏ పని మీదా మనసు లేదా? "నేను లేకపోతే మీరే సుఖపడతారు" లాంటి మాటలు అంటున్నారా? అప్పుడు ఆలస్యం చేయకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. పుట్టదు. అడిగితే మనసులో బరువు బయటికి వస్తుంది. పురుగుమందు ఇంట్లో ఉంటే తీసెయ్యండి, లేదా పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంచండి. 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఇది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ. 2022లో మొదలైంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

మాట్లాడుకోండి:

మీకు బాగా దిగులు కలిగినప్పుడు ఆకలి తగ్గిందా, పెరిగిందా?

మగవాళ్లు దిగులు గురించి ఇంట్లో ఎందుకు చెప్పరు?

మీ ఇంట్లో పురుగుమందు డబ్బా ఇప్పుడు ఎక్కడ ఉంది?